సంజ్ఞయు విస్తరణమును: సీ భాషలోని మాక్రోలు – యాంత్రిక గ్రంథపరిష్కరణ చరిత్ర

బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ తొమ్మిదవ సంపుటము బెంగళూరు జిల్లా శాసనములకు సంబంధించినది. అందు ఆనేకల్ తాలూకా శాసనములకు ప్రత్యేకముగా ఒక భాగము కలదు. ఆ సంపుటమున శాసనముల ఇంగ్లీషు అనువాదము ఒకచోటను, రోమను లిపిలోని పాఠము మఱొకచోటను, దేశలిపిలోని పాఠము వేఱొకచోటను ముద్రితములై యున్నవి. అనువాదము చదువువానికి సందేహము కలిగినచో శాసనసంఖ్యను పట్టుకొని మూలమునకు పోవచ్చును. అనువాదము మూలమును మ్రింగివేయలేదు. గ్రంథపరిష్కర్తలకు ఇది సామాన్యమైన మర్యాద. ఈ మర్యాదను యంత్రములకు నేర్పుటకు ఎంత కాలము పట్టినదో, ఎంత శ్రమ అవసరమైనదో తెలుపు చరిత్ర యొకటి కలదు.

ఇదే తాలూకా అంచున, హోసూరు మార్గముపై, కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల భూములలో 1970 దశకము చివర కియోనిక్స్ సంస్థ ఎలక్ట్రానిక్ సిటీకి పునాది వేసెను. మొదట సేకరించిన భూమి 332 ఎకరములు. నేడు అచటి కార్యాలయములలో క్రొత్త ప్రోగ్రాముల రచనయే గాక, ఎన్నడో ఎవరో వ్రాసిన ప్రోగ్రాములను దిద్దు పనియు నిత్యము సాగుచుండును. ఆనేకల్, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములవారును, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములనుండి వచ్చినవారును ఆ పనిలో నున్నారు. వ్రాసినవాడు మఱొక దేశమున నుండవచ్చును, ఉద్యోగము మాని యుండవచ్చును, మరణించియు నుండవచ్చును. దిద్దువానికి ఆతని అభిప్రాయము తెలియుటకు మిగిలిన ఆధారము ఆతడు పెట్టిన పేర్లే. సీ భాషలో అట్టి పేర్లలో ముఖ్యమైనవి మాక్రోలు. వేలకొలది పుటల ప్రోగ్రామును యంత్రముచేతనే దిద్దించునప్పుడు ఆ పేర్లు ఏమగును అనునదే ఇచట పరిశీలింపబడుచున్న విషయము.

మాక్రో యన నేమి? వ్యాకరణము చదివినవారికి ఇది బొత్తిగా క్రొత్తది కాదు. పాణిని వర్ణసమామ్నాయమును ఆధారము చేసికొని ‘అచ్’, ‘హల్’ మొదలగు ప్రత్యాహారములను ఏర్పఱచి, అచ్చులన్నింటిని పేరుపేరున చెప్పవలసిన చోట ఒక చిన్న మాటతో పని గడపెను. చిన్నయసూరి బాలవ్యాకరణము సంజ్ఞాపరిచ్ఛేదముతో ఆరంభమగును. క చ ట త ప లు పరుషములనియు, గ జ డ ద బ లు సరళములనియు అచట పేరిడబడినవి. తరువాత సంధిపరిచ్ఛేదమున ‘పరుషములు’ అను మాట వచ్చినప్పుడెల్ల విద్యార్థి దాని స్థానమున ఐదు అక్షరములను భావించుకొనును. సీ భాషలో ‘డిఫైన్’ అను ఆజ్ఞ చేయు పనియు ఇట్టిదే. ఎడమ ఒక పేరు, కుడిని దాని విస్తరణము. ఆ పేరు కనబడిన చోటనెల్ల విస్తరణమును నిలుపవలయును.

భేదము మాత్రము ఒకటి కలదు, అది చిన్నది కాదు. సూరి సంజ్ఞకు అర్థము కలదు. సీ మాక్రోకు అక్షరములు మాత్రమే కలవు. ‘వర్గము(అ)’ అను మాక్రోకు ‘అ × అ’ విస్తరణము అనుకొందము. వర్గము(5) అనిన 25 వచ్చును. వర్గము(2 + 3) అనినచో సామాన్యుడు ఇరువదియైదే అనుకొనును. కాని మాక్రోలను విస్తరించు యంత్రము కూడికను ముందు చేయదు. ఇచ్చిన అక్షరములను ఇచ్చినట్లే నిలిపి 2 + 3 × 2 + 3 అని వ్రాయును. దాని ఫలము 11. ఇందువలననే అనుభవజ్ఞులు మాక్రోలోని ప్రతి భాగమునకును కుండలీకరణములు చుట్టుదురు. మఱియు, రెండింటిలో పెద్దదానిని చెప్పు మాక్రోలో ఒక్కొక్క అంశము పోల్చుటకు ఒకసారియు, ఫలము చెప్పుటకు మఱొకసారియు వ్రాయబడును. ఆ అంశము ‘వరుసలోనుండి తరువాతి దానిని తీయుము’ అనునదైనచో, ఒకటి తీయవలసిన చోట రెండు తీయబడవచ్చును.

ఈ విచిత్రస్థితికి కారణము చరిత్రలో నున్నది. మాక్రోలు సీ భాషతో పుట్టలేదు. అసెంబ్లీ భాషలలో 1950 దశకమునందే అవి వాడుకలో నుండెను. డగ్లస్ మెకిల్‌రాయ్ 1960లో, ఉన్నతభాషలకును మాక్రోలను చేర్చవచ్చునని ఒక వ్యాసమున నిరూపించెను. బెల్ పరిశోధనాలయమున డెనిస్ రిచీ సీ భాషను రూపొందించుచున్న కాలమున, 1972–73 ప్రాంతమున, అలన్ స్నైడర్ ప్రోత్సాహము కొంతయు, బి.సి.పి.ఎల్., పి.ఎల్.–వన్ భాషలలోని సౌకర్యముల స్మృతి కొంతయు కారణములుగా ప్రీప్రాసెసర్ అను పూర్వసంస్కారసాధనము దానికి చేర్చబడినది. మొదటి రూపమున అది రెండే పనులు చేసెను: ఇతర గ్రంథభాగములను తెచ్చి చేర్చుట, అంశములు లేని పేర్లను విస్తరించుట. పిమ్మట మైక్ లెస్క్, ఆ తరువాత జాన్ రైజర్ దానిని పెంచి, అంశములు గల మాక్రోలను, నియమమును బట్టి గ్రంథభాగమును ఉంచుటకో తీసివేయుటకో పనికివచ్చు ఆజ్ఞలను చేర్చిరి. రిచీయే 1993లో వ్రాసిన భాషాచరిత్రలో ఒక ముఖ్యవిషయము నొప్పుకొనెను: ఆ సాధనము మొదట భాషకు ఐచ్ఛికమైన అనుబంధముగా నెంచబడినది, గ్రంథారంభమున ప్రత్యేకమైన గుర్తు లేనిచో అది పని చేయనే చేయదు. అనుబంధముగా వచ్చినది అంతర్భాగమైనది గాని, దాని వ్యాకరణము వేఱుగనే నిలిచిపోయినది. సీ భాషకు ఒక వ్యాకరణము, మాక్రోలకు మఱొక వ్యాకరణము. ఒకదాని మాట మఱొకదానికి తెలియదు. 1989 నాటి ప్రమాణీకరణము నియమములను స్పష్టపఱచెనే గాని ఈ ద్వైతమును తొలగింపలేదు.

ఈ ద్వైతము ఎంతదూరము పోవచ్చునో చూపు ఉదాహరణము స్టీవ్ బోర్న్ వ్రాసిన యూనిక్స్ షెల్. 1979 నాటి ఏడవ యూనిక్స్ కూర్పులో అది వెలువడెను. బోర్న్ ఆల్గాల్–68 భాషపై మక్కువ గలవాడు. సీ భాషలో వ్రాయుచునే, మీసపు కుండలీకరణములకు మాఱుగా ‘బిగిన్’, ‘ఎండ్’ అనియు, నియమవాక్యములకు ‘ఇఫ్’, ‘దెన్’, ‘ఫై’ అనియు మాక్రోలు ఏర్పఱచుకొని, వాటితో గ్రంథమంతయు నడిపెను. ‘దెన్’ అను మాక్రోలో ఒక వాక్యపు తోకయు, మఱొక వాక్యపు తలయు కలిసి యుండును. విడిగా చూచిన అది ఏ వ్యాకరణమునకును లొంగని ముక్క. ఆ గ్రంథమును చూచి విస్తుపోయిన లాండన్ నోల్, లారీ బాసెల్ అనువారు 1984లో దుర్బోధములైన సీ రచనలకు ఒక పోటీనే స్థాపించిరి. ఆ పోటీ వినోదార్థము పుట్టినదే. బోర్న్ మాత్రము వినోదమునకు వ్రాయలేదు. ఆతని గ్రంథమును పెక్కు సంవత్సరములు పెక్కుమంది దిద్దవలసి వచ్చెను.

ఇక యాంత్రికపరిష్కరణము. లక్షల పంక్తుల ప్రోగ్రాములో ఒక పేరును అంతటను మార్చవలయును. లేదా ఒక ఫంక్షనుకు క్రొత్త అంశము చేర్చి, దానిని పిలుచు ప్రతిచోటును సవరింపవలయును. చేతితో చేసిన తప్పులు దొరలును. అందుచేత, ప్రోగ్రామును చదివి, దాని వాక్యనిర్మాణమును గ్రహించి, సవరించి, మరల వ్రాసి యిచ్చు సాధనములను నిర్మింపసాగిరి. వారికి ఎదురైన మొదటి ప్రశ్న: చదువవలసినది దేనిని? మాక్రోలు విస్తరింపబడిన పిదప నున్న గ్రంథమును చదివినచో వ్యాకరణము సులభము. అది శుద్ధమైన సీ భాష. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్క్‌లీ శాఖలో జార్జ్ నెక్యులా మొదలగువారు నిర్మించి 2002లో ప్రకటించిన ‘సి.ఐ.ఎల్.’ ఈ మార్గమునే అవలంబించెను. దోషములను వెదకుటకు, ఫలితమును మరల కంపైలరునకే అప్పగించుటకు అది చక్కగా పనికివచ్చినది. మనుష్యుడు చదువవలయునను ఉద్దేశము దానికి లేదు గనుక దానిని నిందింపవలసిన పని లేదు. కాని అదే మార్గమున దిద్దిన గ్రంథమును దిద్దరికి తిరిగి యిచ్చినచో ఏమగును? సంధిపరిచ్ఛేదమున ‘పరుషములు’ అను మాట ఉన్న చోటనెల్ల ఐదు అక్షరములను వ్రాసి, సంజ్ఞాపరిచ్ఛేదమును చించివేసినట్లగును. సూత్రములన్నియు సరియే, సూరి మాత్రము అందు మిగులడు. ఒక పెట్టె కొలతకు పెట్టిన పేరు పోయి దాని స్థానమున 512 అను అంకె మిగులును; మఱొకచోట వేఱొక కారణమున వచ్చిన 512 దాని ప్రక్కనే నిలుచును; రెండింటికిని గల భేదము ఇక ఎవ్వరికిని తెలియదు.

విస్తరింపక చదువుదమన్న, ముందు మాక్రోలను జనులు నిజముగా ఎట్లు వాడుచున్నారో తెలియవలయును. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ ఎర్న్‌స్ట్, గ్రెగ్ బాడ్రాస్, డేవిడ్ నాట్కిన్ ఈ లెక్కకు పూనుకొని, 26 ప్రసిద్ధ ప్రోగ్రాములలో 14 లక్షల పంక్తులను పరిశీలించి 2002లో తమ ఫలితములను ప్రకటించిరి. వానిలో నూటికి 8 పంక్తులకు పైగా ప్రీప్రాసెసర్ ఆజ్ఞలే. అధికభాగము మాక్రోలు సామాన్యములు: ఒక అంకెకు పేరో, ఒక చిన్న లెక్కకు పేరో. వాక్యఖండములను దాచుకొన్న జటిలములు కొద్ది. ఐనను ఆ కొద్దియే సాధనమును నిలిపివేయును. వేయి పుటలలో చదువరాని పుట ఒక్కటియైనను, యంత్రము ‘అంతటను మార్చితిని’ అని చెప్పజాలదు.

గ్రీసుదేశపు పండితుడు డయోమిడిస్ స్పినెలిస్ 2003లో ప్రకటించిన మార్గము ఈ చరిత్రలో మిక్కిలి నేర్పు గలది. ఆతడు విస్తరణమును విడువలేదు, మూలమును విడువలేదు. విస్తరించునప్పుడు ప్రతి పదమును మూలగ్రంథమున ఏ చోటినుండి వచ్చినదో గుర్తించుచు, ఒకే పేరుగా వ్యవహరింపబడవలసిన పదములన్నింటిని ఒక తరగతిగా కూర్చెను. అందొకటి మార్చిన, మూలములోని తక్కిన వన్నియు మాఱవలయును. ఇందు కఠినమైన ఘట్టము పదములను అతుకు క్రియ. సీ మాక్రోలలో రెండు ముక్కలను కలిపి ఒక క్రొత్త పేరు చేయు సౌకర్యము కలదు. ‘రామ’, ‘అయ్య’ కలిసి ‘రామయ్య’ అయినట్లే ఇదియు. కాని సంధిలో వర్ణము లోపించిన సంగతి చెవికి తెలియును, ఇచట ‘రామయ్య’ అను పేరు మూలగ్రంథమున ఎచటను వ్రాయబడియే యుండదు. ఆ పేరును ‘కృష్ణయ్య’గా మార్చుమని యంత్రమునకు ఆజ్ఞాపించినచో ‘రామ’ అను ముక్కను మాత్రమే పట్టి మార్చవలయును. అదే ముక్క ‘రామక్క’ అను మఱొక పేరునకు కూడ ఆధారమైనచో, ఆమెయు అడుగకయే ‘కృష్ణక్క’ యగును. స్పినెలిస్ నిర్మించిన ‘సీ–స్కౌట్’ ముక్కలను వేఱువేఱు తరగతులుగా చూపి, దిద్దరి కన్నులు తెఱపించును.

విస్తరణము ఒక చిక్కు. పాఠాంతరములు అంతకంటె పెద్ద చిక్కు. మాక్రో పేరు నిర్వచింపబడినచో ఈ భాగము నుంచుము, లేనిచో ఆ భాగము నుంచుము అని చెప్పు ఆజ్ఞలవలన, ఒకే గ్రంథము పెక్కు యంత్రములకు పెక్కు రూపములలో సిద్ధమగును. హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ 1992లోనే ‘సీ న్యూస్’ నిర్మాణానుభవమును పురస్కరించుకొని ఈ ఆజ్ఞల అతివాడుక హానికరమని హెచ్చరించిరి. వారి మాట విన్నవారు తక్కువ. పది స్వతంత్రనియమములున్నచో గ్రంథమునకు 1024 పాఠములు కలుగును. లినక్స్ కెర్నెలునందు అట్టి ఐచ్ఛికములు పదివేలకు మించినవి. ఒక్క పాఠమును మాత్రము చదివి దిద్దు సాధనము తక్కిన పాఠములను చెఱచినను దానికి తెలియదు. ఎచటనో ఎవరో మఱొక యంత్రముపై దానిని నడిపినప్పుడు ఆ దోషము బయటపడును. కడపలో సి. పి. బ్రౌన్ పండితులచేత పెక్కు తాళపత్రప్రతులను సరిపోల్పించి గ్రంథములను పరిష్కరింపజేసిన సంగతి తెలుగువారికి తెలిసినదే. ఒక ప్రతినే చూచి దిద్దుట పరిష్కరణము కాదని ఆ పండితులెఱుగుదురు.

అలెహాండ్రా గారిడో, రాల్ఫ్ జాన్సన్ ఇలినాయ్ విశ్వవిద్యాలయమున 2003, 2005 సంవత్సరములలో ఈ దిశగా తొలి యత్నములు చేసిరి. జర్మనీలో క్రిస్టియన్ కెస్ట్నర్ బృందము 2011లో ప్రకటించిన ‘టైప్‌చెఫ్’, న్యూయార్క్ విశ్వవిద్యాలయమున పాల్ గజిల్లో, రాబర్ట్ గ్రిమ్ 2012లో ప్రకటించిన ‘సూపర్–సీ’ పాఠములన్నింటిని ఒక్కమారే చదువు సాధనములు. పాఠభేదము వచ్చినచోట చదువు చీలును. భేదము ముగిసినచోట మరల కలియును. 1024 మారులు చదువక, భిన్నమైనచోట మాత్రమే భిన్నముగా చదువుట దీని కిటుకు. టైప్‌చెఫ్ లినక్స్ కెర్నెలు ఎక్స్–86 భాగము నంతటిని ఇట్లు చదువగలిగెను. దీనికి మూల్యము లేకపోలేదు. ఇట్టి సాధనమును నిర్మించుట దుస్సాధ్యము, నడుపుటకు కాలమును జ్ఞాపకస్థలమును అధికముగా కావలయును. దినదినము దిద్దుబాటు చేయువాని బల్లపైకి అది అంతగా చేరలేదనియే చెప్పవలసియున్నది.

బల్లపైకి చేరినది వేఱొకటి. ఫ్రాన్సులోను డెన్మార్కులోను పనిచేయుచుండిన జూలియా లాల్, జిల్ మ్యూలర్, యోఆన్ పాడియోలో, రెనె హాన్సెన్ 2008లో ‘కాక్సినెల్’ అను సాధనమును వర్ణించిరి. ఆ ఫ్రెంచి మాటకు అక్షింతల పురుగు అని అర్థము. పైరుపై పేనుబంకను తినివేయు ఆ పురుగు రైతునకు మిత్రము. ప్రోగ్రాములలోని దోషములకును ‘బగ్’ అనగా పురుగు అనియే వాడుక గనుక పేరు ఒప్పినది. లినక్స్ కెర్నెలులో ఒక ఫంక్షను మాఱినప్పుడు దానిపై ఆధారపడిన వందల డ్రైవరులను సవరించుటకు ఈ సాధనము పుట్టినది. దీని కర్తలు ఒక సాహసము చేసిరి: మాక్రోలను విస్తరింపనే విస్తరింపరాదు. దిద్దరి కన్నులకు కనబడునట్లే యంత్రమును చదువవలయును. మాక్రో పేరు ప్రక్కన కుండలీకరణములున్నచో దానిని ఫంక్షనుగా భావించును. పేరు తరువాత అర్ధవిరామము లేక మీసపు కుండలీకరణము వచ్చినచో అది ఆవృత్తివాక్యమువంటిదని ఊహించును. పంక్తివిభాగము, పేరులోని పెద్ద అక్షరములు మొదలగు వానిని కూడ ఆధారము చేసికొనును. ఇది తర్కశాస్త్రమున అనుమానప్రమాణము వంటిది, ప్రత్యక్షము కాదు. ఊహకు అందని వానికొఱకు ఒక చిన్న పట్టిక వ్రాసి యిత్తురు. అంతకును అందని భాగమును సాధనము విడిచి ముందుకు పోవును.

పండితులకు ఈ ఊహాపద్ధతి మొదట రుచింపకపోవచ్చును. కాని ఫలము చూడవలయును. 2018లో లాల్, మ్యూలర్ పదియేండ్ల అనుభవమును సమీక్షించునాటికి లినక్స్ కెర్నెలులో 6000 పైచిలుకు సవరణలు కాక్సినెల్ సహాయమున జరిగి యుండెను. ఆ సవరణలలో మాక్రో పేర్లు చెక్కుచెదరలేదు. సంపూర్ణమైన జ్ఞానము గల సాధనములకంటె, తనకు తెలియనిదానిని తాకని సాధనమును దిద్దరులు నమ్మిరి.

2007లో వెలువడిన ‘క్లాంగ్’ కంపైలరు రైస్ సంపుటమును తలపించు ఏర్పాటు చేసినది. అందు ప్రతి పదమునకును రెండు చిరునామాలు గుర్తింపబడును: అది వ్రాయబడిన చోటు ఒకటి, విస్తరింపబడిన చోటు ఒకటి. మూలము, విస్తరణము రెండును దొరకును. ఐనను దానిపై నిర్మింపబడిన ‘క్లాంగ్–టైడీ’ అను దిద్దుబాటు సాధనమున పెక్కు సూత్రములు, దోషము మాక్రోలోపల నున్నదని తెలియగనే దాని జోలికి పోవు. ఒక మాక్రోను వందచోట్ల వాడియున్నప్పుడు, ఒకచోటి కొఱకు దానిని మార్చిన తొంబదితొమ్మిది చోట్ల ఏమగునో ఎవరు చెప్పగలరు?

మాక్రోలనే నిర్మూలింపవలయునను పక్షమును కలదు. ఆదిత్య కుమార్, ఆండ్రూ సట్టన్, బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 2012లో, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములలోని మాక్రోలను ఆ భాషయందే గల స్థిరాంకములుగను ఫంక్షనులుగను యంత్రముచేత మార్చు విధానమును ప్రతిపాదించిరి. పేరు నిలుచును, అర్థమును దానికి చేరును. పైన చెప్పిన వర్గము(2 + 3) అపుడు 25 అగును. ఇక్కడనే మెలకువ అవసరము. 11 వచ్చుననియే నమ్ముకొని పనిచేయుచున్న ప్రోగ్రాము ఎచటనైన నున్నచో, యంత్రము దానిని బాగుచేసి చెఱచినదగును. వేఱు భాషకు పోవువారి గతి ఇంకను కష్టము. 2018 ప్రాంతమున వెలువడిన ‘సీ–టు–రస్ట్’ సీ గ్రంథములను రస్ట్ భాషకు మార్చును. అది చదువునది విస్తరింపబడిన పిదపటి రూపమునే. అనువాదము నడుచును, పరీక్షలలో నెగ్గును. కాని మూలకర్త పెట్టిన పేర్లలో పెక్కు అందు కనబడవు. వానిని మరల వెదకి పెట్టుట అనువాదము చేతికి వచ్చిన మనుష్యుని పని.

లినక్స్ కెర్నెలులో 2018లో చేర్చబడిన చిన్న గ్రంథభాగ మొకటి కలదు. అది పంక్తులను తీర్చిదిద్దు ‘క్లాంగ్–ఫార్మాట్’ అను సాధనమునకు ఇచ్చిన ఆదేశపత్రము. ఆ సాధనమును మాక్రోలను విస్తరింపదు; ‘ఒక్కొక్కదానికి’ అను అర్థమునిచ్చు పేరు చూచి అది ఆవృత్తియో ఫంక్షనో తేల్చుకొనలేదు. కావున కెర్నెలునందలి అట్టి మాక్రోల పేర్లు వందలకొలది అకారాదిక్రమమున, నిఘంటువువలె, ఆ పత్రమున పేర్కొనబడినవి. ఆ జాబితాను కెర్నెలు గ్రంథములనుండి వెదకి తీయు ఆజ్ఞయు పైన వ్యాఖ్యగా వ్రాయబడియున్నది. క్రొత్త పేరు పుట్టినప్పుడు ఎవరో ఒకరు ఆ ఆజ్ఞను మరల నడిపి, జాబితాలో ఒక పంక్తి చేర్చుదురు.